మేకల కాంటా

గనుల ఊరు నస్పూర్‌లో మధ్యాహ్నం మూడింటికి వెలుతురు కూడా కాస్త నల్లగానే వస్తుంది. ఆ వెలుతురులో మా కుక్క బొగ్గు పడుకుని, నిద్రలో పరుగెత్తుతూ ఉంటుంది. నాలుగు కాళ్లూ గాలిని తన్నుతుంటాయి. మెలకువ వచ్చాక మాత్రం, ఆ మధ్య వెనక కాళ్లు రెండూ దాని మాట వినడం మానేశాయి.

అంతకు ఆరు వారాల ముందు దాని ఒంటినిండా పుండ్లు. అన్నం మాన్పించి పచ్చి మాంసం అలవాటు చేయమన్నాడు పశువుల డాక్టరు. "అన్నం పెట్టినట్టు గిన్నెనిండా పెట్టకండి. రోజుకు ఒంటి బరువులో నూటికి రెండున్నర వంతులే," అన్నాడు. అలాగే చేశాం. పుండ్లు మానాయి. ఒళ్లు పెరిగింది. ఇంకా పెరిగితే ఈ కాళ్లు ఇక లేవవని ఈసారి చెప్పాడు.

బొగ్గు ఒంటరిగా కాంటా మీద నిలబడదు, బట్టలా జారిపోతుంది. అందుకని మాంసం కొట్టు సర్దార్ భాయ్ దగ్గర, బతికున్న మేకల్ని తూచే కాంటా మీద, దాన్ని ఎత్తుకుని నేనే నిలబడేదాన్ని. మొదటిసారి ఎనభై రెండు చూపింది.

"నీది యాభై ఎనిమిదే గదనే?" అన్నాడు మా ఆయన అంబదాస్.

"యాభై ఎనిమిదే," అన్నాను.

అది నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న బరువు. దాన్ని మార్చమని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. కుక్కకు ఇరవై నాలుగు కిలోలు, పూటకు మూడు వందల గ్రాముల చొప్పున రోజుకు ఆరు వందలు అని తేలింది.

ఆరు వారాలకు ఎనభై ఐదు చూపింది. ఆరు వందలు తిని ఇంత ఎలా పెరిగిందని అంబదాస్ తల పట్టుకున్నాడు. చివరికి వాళ్లమ్మ శంకరవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా, చాటుగ రొట్టె పెడుతున్నవా?"

"బాసర సరస్వతమ్మ తోడు, నేను పెట్టలే బిడ్డా!"

రెండు రోజులు ఆ నేరాన్ని ఆవిడ మీదే ఉండనిచ్చాను. నేను అబద్ధమేమీ ఆడలేదు. చపాతీలు ఒత్తుకుంటూ కూర్చున్నాను, అంతే. కోడలిగా వచ్చి పదిహేనేళ్లయిన నాకు అలాంటి రోజులు తరచుగా దొరకవు.

మూడో రోజు మధ్యాహ్నం కునుకు పట్టింది. చెన్నూరు దగ్గర గోదావరి ఇసుక. ఇసుక మధ్యలో మేకల కాంటా. చేతుల్లో బొగ్గు దూదిలా ఉంది. అది నా చేతుల్లోంచి దూకి నీళ్ల వైపు ఉరికింది. ఉరుకుతున్న కొద్దీ చిన్నదై, నల్లటి పిట్టంత అయింది. కాంటా మీద అంకె మాత్రం కదల్లేదు. బరువంతా నాదే. కాంటాతో సహా ఇసుకలోకి మెల్లగా దిగిపోతున్నాను, హాయిగానే.

కళ్లు తెరిచేసరికి బొగ్గు లేవబోతోంది. ఒకసారి జారింది. రెండోసారీ జారింది. మూడోసారి లేవకుండా, తప్పు తనదే అన్నట్టు నా వైపు చూసింది.

సాయంత్రం అందరినీ వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్లాను.

"ఎత్తుకో చెల్లె," అన్నాడు సర్దార్ భాయ్.

"ఇయ్యాల కుక్క వద్దు భాయ్. నేనొక్కదాన్నే నిలబడ్త."

కట్టేసి ఉన్న మేకలు రెండూ తలెత్తి చూశాయి. అరవై నాలుగు.

సర్దార్ భాయ్ కత్తి తుడుచుకుంటూ, "గిది మేకల కాంటా చెల్లె. మనుషులకు జర ఎక్కువనే చూపిస్తది. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

అంబదాస్ వేళ్లు మడిచాడు. "అంటే మొదటి దినం బొగ్గు పద్దెనిమిదే. నాలుగు వందల యాభై పెట్టాల్సింది. ఆరు వారాలు నీ ఆరు కిలోలకు గూడ మేపినమే!"

"నన్ను దొంగను చేసిండ్రు," అంది శంకరవ్వ.

"తప్పు నాదే అత్తమ్మా. నువ్వు రొట్టె ముట్టనే లేదు."

ఆవిడ మేకల వైపు చూసింది. "అంచులు పెట్టిన. అంచులు రొట్టె కాదు."

డాక్టరుకు ఫోన్ చేస్తే, పాత బరువుకే లెక్క కట్టి ఇంకో యాభై తగ్గించమన్నాడు. నాలుగు వందలు. సర్దార్ భాయ్ కొవ్వు తీసేసి కోసిచ్చాడు.

రెండు నెలలు గడిచాయి. నిన్న మధ్యాహ్నం బొగ్గు నిద్రలో పరుగెడుతోంది. కాళ్లు ఆడుతుండగానే కళ్లు తెరిచింది, లేచింది, ఆ ఊపులోనే గడప దాటి వాకిట్లోకి వెళ్లిపోయింది. కల అయిపోయిన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.