లేదని రాసుకో

ప్రభుత్వం ఏదైనా ఉచితంగా ఇస్తానంటే నూర్జాన్‌కు ముందు భయమేస్తుంది, తర్వాత కోపమొస్తుంది. ఇందుకూరుపేటలో రవికలు కుట్టి బతికే మనిషి. ఊరికే ఎవరూ హుక్కు కూడా ఇవ్వరని ఆమెకు తెలుసు. అందుకే నాలుగు నెలల కిందట నర్సు అబిగయీలు ఫోను పట్టుకుని వచ్చి, ముప్పై దాటిన ఆడవాళ్లందరికీ రొమ్ము క్యాన్సర్ పరీక్ష చేయమని సర్కారు చెప్పిందంటే, వాకిట్లోనే ఆపేసింది.

"రొమ్ములో గడ్డేమన్నా తగులుతోందా అక్కా?"

"నాకేం రోగం? లేదని రాసుకోని పో. ఓటీపీ కావాలంటే చెప్తా."

గడ్డ ఉంది. ఎడమవైపు, రేగిపండంత. కానీ పక్కింటి ఆదిశేషమ్మ ముందురోజే చెవిలో వేసి పోయింది, ఫోన్లో క్యాన్సర్ అని ఎక్కితే వితంతు పింఛను పీకేస్తారని. ఎవరు చెప్పారంటే ఆమెకూ తెలియదు. చదువుకున్న నర్సును నమ్మని నూర్జాన్ ఈ మాటను మాత్రం ఇట్టే నమ్మింది.

ఇప్పుడది నిమ్మకాయంత అయింది. చెయ్యి ఎత్తితే సలుపు. నెల్లూరు పెద్దాసుపత్రికి పోదామనుకుంటే మళ్లీ ఆ ఆదిశేషమ్మే, "నీకు రోగం లేదని ఫోన్లో ఉంది గదా, ఉచితంగా ఎట్ట చూస్తారు?" అంది. ఊళ్లో నూరు శాతం పరీక్షలు అయినట్టు చూపే టార్గెట్టు కోసం నర్సే తన గొంతు కోసిందని నూర్జాన్ తేల్చేసుకుంది. లేదని రాయమన్నది తానేనని ఆ కోపంలో గుర్తు రాలేదు. వచ్చినా ఒప్పుకునే రకం కాదు.

పొద్దున్నే ఊరి క్లినిక్కుకు పోయి గుమ్మంలోనే అందుకుంది.

"ఏం నర్సమ్మా, చెయ్యన్నా వెయ్యకుండా రోగం లేదని రాసేసినావే! నీ నూరు శాతం కోసం నన్ను చంపుతావా?"

అబిగయీలు ఫోను తిప్పి చూపించింది. ఊళ్లో ఆడవాళ్ల పేర్లన్నీ పచ్చగా ఉన్నాయి. నూర్జాన్ పేరొక్కటే ఎర్రగా ఉంది. పరీక్ష కాలేదు.

"నేను ఎక్కించలేదక్కా. నీ ఒక్కదాని వల్ల నూరు శాతం రాలేదని పైనోళ్లు మెమో ఇచ్చినారు. మళ్లీ రెండుసార్లు వచ్చినా, నువ్వు తలుపే తియ్యలేదు."

"ఎందుకు ఎక్కించలేదు?" నూర్జాన్ అనుమానం ఇంకా చావలేదు.

"ఊరందరికీ కొలత తప్పకుండా కుట్టేదానివి. ఆరోజు నీ రవిక్కే ఎడమపక్క కుట్టు విప్పి వదులు చేసుకుని ఉన్నావు. గడ్డ లేదంటే ఎట్ట నమ్మేది?"

ఇన్నాళ్లూ ఎవరిని దొంగలా చూసిందో, ఆ మనిషే తన కోసం మాట పడింది. నూర్జాన్ సిగ్గుతో చచ్చిపోయింది.

"పింఛను పోతుందన్నారు," అని గొణిగింది.

"దానికీ దీనికీ ఏం సంబంధమక్కా!"

అబిగయీలు కర్టెన్ లాగి, మంచం మీద పడుకోబెట్టి పరీక్షించింది. చంక కిందికి పోయిన వేళ్లు, అక్కడా ఒక గడ్డ తగిలి, కాసేపు అక్కడే ఉండిపోయాయి. తర్వాత నెల్లూరుకు చీటీ రాస్తూ అడిగింది.

"ఎప్పట్నించి ఉందక్కా?"

"నువ్వు మా ఇంటికి రాకముందు నించే," అంది నూర్జాన్.

అబిగయీలు రాయడం ఆపింది. మళ్లీ తల వంచుకుని చీటీ పూర్తి చేసింది. ఆమె తిట్టి ఉంటే బాగుండునని నూర్జాన్‌కు అనిపించింది.