మొన పోయిన కత్తి

మెట్రోలో సంచులు మిషన్‌లో పెట్టి చూస్తారని, కత్తి కనబడితే అక్కడికక్కడే పట్టుకుపోతారని బ్యూలా భయం. అందుకే ఆటోలో వచ్చారు. కత్తిని చేతిరుమాల్లో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత ఊడకుండా రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసి ఒళ్లో పెట్టుకుంది. మౌలాలి నుంచి రాంగోపాల్‌పేట్ దాకా ఆటో గుంతలో పడ్డప్పుడల్లా డబ్బాలో అది ఠంగుమనేది, ఆమె మూత నొక్కిపట్టేది.

"మమ్మీ, అది బాంబు కాదు," అన్నాడు జెరెమియా.

"పోలీసోళ్లకు గట్లనే చెప్పు, మస్తు ఇంటరు."

కొడుకు నవ్వాడు. పోలీసుల సంగతి పైకి చెప్పుకునే భయం. లోపలిది వేరే ఉంది.

ఆ కత్తి ఆమె మామగారు నతానియేల్‌ది. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్నప్పుడు, ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్ ఒకాయన గుర్తుగా ఇచ్చి వెళ్లాడు. ఎముక పిడి, మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోయే ఇంగ్లండు కత్తి. ముసలాయన దాన్ని బైబిలు పక్కనే సొరుగులో దాచి, ఆదివారం గుడి నుంచి వచ్చాక జామకాయలు కోయడానికి మాత్రం తీసేవాడు. ఒక ఆదివారం తీస్తే మొన లేదు. ముందు రోజు ఆ సొరుగు దగ్గర ఆడుతూ కనబడింది ఆరేళ్ల జెరెమియా. ముసలాయనది ఇనుముతో పనిచేసిన చెయ్యి, చెంప మీద అయిదు వేళ్లూ తేలాయి. మొదటి దెబ్బకు పిల్లాడు నేను కాదన్నాడు. రెండో దెబ్బకు నేనే అన్నాడు. పోగా పోగా తానే బండ మీద పడేశానని నిజంగానే నమ్మాడు. ఇప్పటికీ క్రిస్మస్ భోజనాల దగ్గర మేనత్త ఎమిలీ, "అగో, కత్తి ఇరగ్గొట్టినోడొచ్చిండు" అంటుంది. అందరూ నవ్వుతారు. వాడూ నవ్వుతాడు.

మొన తీయించింది బ్యూలా. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

తాత పోయాక కత్తి జెరెమియాకు వచ్చింది. "అమ్మేస్తా మమ్మీ, చూసినప్పుడల్లా చెంప చురుక్కుమంటది" అని వాడంటే, ఆమె ప్రాణం తేలికపడింది. కత్తితోపాటు తన తప్పూ గడప దాటిపోతుందనుకుంది. ఆటో ఎక్కాక వాడు మామూలుగానే ఒక మాటన్నాడు. కొనే ఆయన ప్రతి గీతా భూతద్దం పెట్టి చూస్తాడట. అప్పటినుంచి ఆమె ఆటో వెనక్కి తిప్పించే సాకు వెతుకుతూనే ఉంది.

రామభద్రరావుది ఏలూరు. వాచీల వ్యాపారానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పాత పెన్నులు, వాచీలు, కత్తులు కొని, వాటిని సేకరించే పిచ్చి ఉన్నవాళ్లకు అమ్ముతాడు. మేడ మీద ఒకటే గది, కిటికీ పక్కన బల్ల.

"కూర్చోండమ్మా. ఏదీ, ఇలా ఇవ్వు బాబూ," అని చెయ్యి చాపాడు.

జెరెమియా అందించబోతే బ్యూలా వాడి మణికట్టు పట్టుకుంది. "చేతికి చేతికి ఇయ్యొద్దు. తగువులొస్తయి. బల్ల మీద పెట్టు."

"మా అమ్మా ఇదే అనేది," అన్నాడాయన. "అయినా మా ఇంట్లో తగువులు తగ్గలేదులెండి."

కత్తి తెరిచాడు, మూశాడు. టప్పుమంది. ఆ చప్పుడుకు తల ఊపాడు. "స్ప్రింగు గట్టిగా ఉంది. తోమారా ఎప్పుడైనా?"

"లేదండి. కొబ్బరినూనె రాసి పెడత, అంతే."

"మంచి పని చేశారు. తళతళలాడితే ఎక్కువ పలుకుతుందని కొందరు చింతపండేసి రుద్ది తెస్తారు. ఈ నలుపే కదమ్మా దీని వయసు." పిడిని గోటితో తడిమాడు. "ఇక్కడ వెంట్రుకవాసి బీట. దీనికి పెద్దగా తగ్గించక్కర్లేదు."

"మొన నేనే ఇరగ్గొట్టిన సార్, చిన్నప్పుడు," అన్నాడు జెరెమియా, అడక్కముందే. ఎక్కడికి వెళ్లినా వాడంతే.

"విరిగితే ఫర్వాలేదు బాబూ. విరిగినదాన్ని విరిగినట్టే ఉంచితే కొనేవాళ్లున్నారు." ఆయన భూతద్దం కంటికి ఆనించుకుని కిటికీ వైపు తిరిగాడు.

బ్యూలా ఆయన వీపు వైపే చూస్తూ కూర్చుంది. ప్రభువా, ఆయన కంటికి మసక కమ్మించు అని వేడుకుంది. అలాంటి ప్రార్థన చేసినందుకు మళ్లీ భయపడింది. ఆయన కత్తిని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఎలా విరగ్గొట్టావు?"

"బండ మీద పడేసిన."

"నీకు గుర్తుందా?"

జెరెమియా తడబడ్డాడు. "అందరు గట్లనే అంటరు సార్."

"విరిగిన ఉక్కు పటికబెల్లం ముక్కలా గరుగ్గా ఉంటుంది. ఇది నున్నగా ఉంది. సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకి. రా, నువ్వే చూద్దువుగాని."

వాడు లేచాడు. బ్యూలా వాడికంటే ముందు లేచి, భూతద్దం మీద అరచెయ్యి కప్పేసింది.

"చూడకు. నేను చెప్త."

"ఏంది మమ్మీ?"

"నేనే అరగదీయించిన."

వీధిలో ఎవరో స్కూటర్ కిక్కు కొడుతున్నారు. అది అంటుకోవడం లేదు.

"నిద్దట్ల దడుసుకొని లేస్తుంటివి. మా అమ్మ మాకు దిండు కింద ఇనుము పెడుతుండె. మీ తాతకు తెలిస్తే, ప్రార్థన చాలదా, గీ మూఢనమ్మకాలేందని ఇంట్లకెల్లి ఎల్లగొడ్తడు. అందుకే సొరుగులకెల్లి తీసి, చప్పుడు చెయ్యకుండ నీ దిండు కింద పెట్టిన. పెట్టినంక నాకే నిద్ర పట్టలే. మడత ఊడి నీ కంట్ల దిగితే ఎట్ల అని. పొద్దుగాల్ల సాన పట్టేటాయన సైకిలేసుకొని వచ్చిండు. మొన తియ్యమన్న. నాలుగు రూపాయలు తీస్కుండు."

"తాత నన్ను కొట్టినప్పుడు యాడున్నవ్?"

"తలుపెనక."

జెరెమియా కూర్చోలేదు. రామభద్రరావు కత్తిని బల్ల మీద పెట్టి, కళ్లజోడు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

"మొన ఉంటే పాతిక వేలు," అన్నాడు చివరికి, ఎవరి మొహమూ చూడకుండా. "విరిగిందనుకుని పన్నెండు చెబుదామనుకున్నాను. సాన పట్టింది కాబట్టి ఆరు. అంతకంటే ఇవ్వలేను బాబూ."

వాడు ఆ మాట విన్నట్టు లేడు. "మరి దడుపు పోయిందా?"

"ఆఁ?"

"కత్తి పెట్టినంక. నా దడుపు పోయిందా?"

"మూడొద్దులకే పోయింది," అంది బ్యూలా. "నీది పోయింది. నాకు షురూ అయింది."

వాడు కత్తి తీసుకున్నాడు. బొటనవేలితో ఆ నున్నటి కొసను ఒకసారి రాసి చూశాడు. మూశాడు, టప్పుమంది. "కత్తి అమ్మను సార్, మీకు తక్లీఫ్ ఇచ్చిన," అని తల్లి వైపు తిరిగి, కత్తిని బల్ల మీద పెట్టకుండా నేరుగా ఆమె చేతికి చాపాడు.

బ్యూలా బల్ల వైపు చూసింది. వాడు చెయ్యి దించలేదు.

"ఆదివారం ఎమిలీ అత్త ఇంట్ల జామకాయలు నువ్వే కొయ్యి మమ్మీ. గీ కత్తితోనే. మొన ఎట్ల పోయిందో అందరి ముందట నువ్వే చెప్పు. నేను చెప్ప."

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఏనాడూ కత్తిని చేతి నుంచి చేతికి అందుకోలేదు. ఇప్పుడు అందుకుంది. డబ్బాలో పెట్టి మూత పెట్టబోతే రబ్బరు బ్యాండు తెగిపోయింది. జెరెమియా అప్పటికే మెట్లు దిగుతున్నాడు. డబ్బాను రెండు చేతులతో గట్టిగా అదుముకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ వాడి వెనకాలే దిగింది. ఆ రోజు బుధవారం; ఆదివారానికి ఇంకా నాలుగు రోజులు.