బోర్డు దగ్గరికి రాని మాస్టారు

మా ఆయన మీద నాకు కోపం వచ్చి నెల దాటింది. ఇంకా తగ్గలేదు, తగ్గే సూచనా లేదు.

ఇరవై రెండేళ్ళు ఆయన లెక్కల మాస్టారు. నేనూ అదే బడిలో, పక్క గదిలో పాఠం చెబుతాను. ఆయన క్లాసులో ఒకటే నియమం: లెక్క తప్పినవాళ్ళు బోర్డు దగ్గరికి వచ్చి, ఎక్కడ తప్పారో తామే పైకి చదవాలి. దెబ్బల్లేవు, తిట్లు లేవు. "తప్పు చెయ్యడం సిగ్గు కాదురా, దాచడం సిగ్గు" అనేవారు. ఆ మాట నచ్చే ఊరు ఆయన్ని మేయర్ని చేసింది. పిల్లల ఇళ్ళకు వెళ్ళి ఓట్లు అడగడానికి నేను కాళ్ళరిగేలా తిరిగాను.

కుర్చీ ఎక్కిన రెండో ఏడు, మార్కెట్‌కు వచ్చే కార్లు నిలపడానికి స్థలం ఇచ్చే ఫైలు ఒకటి వచ్చింది. ఆయన సంతకం పెట్టారు, కౌన్సిల్ సభ్యులు సరేనని చేతులెత్తారు. ఆ స్థలం మా బడి ఆటస్థలమూ, దాన్ని ఆనుకున్న నాలుగు గదులూ అని గోడ మీద నోటీసు అంటించాక గానీ మాకు తెలియలేదు.

"చదివే సంతకం పెట్టారా?" భోజనాల దగ్గర అడిగాను.

"సర్వే నంబరు వేసి తెచ్చారు. బడి పేరు ఎక్కడా లేదు. ఆ రోజు నలభై ఫైళ్ళు."

"నలభై నోటుబుక్కులు దిద్దిన రోజులు లేవా మీకు? అట్టలు చూసి మార్కులేశారా?"

ఆయన మంచినీళ్ళు తాగారు.

"పోనీ, సభలో లేచి పొరపాటైందని చెప్పండి. తీర్మానం వెనక్కి తీసుకోవచ్చని మీ కమిషనరే అన్నాడుగా."

"అలా చెబితే నా పరువేం కావాలి? అవతలి పార్టీ వాళ్ళు నన్ను బతకనిస్తారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్లలకు లేని పరువు ఈయనకు ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారని విన్నాను గానీ, అలాంటి మనిషికి రోజూ వడ్డిస్తున్నానని అనుకోలేదు.

సభ రోజున వెళ్ళి జనం కూర్చునే వరసలో కూర్చున్నాను. వేదిక పక్కన తెల్లబోర్డు ఉంది. బడి ప్రస్తావన రాగానే లేచి నిలబడ్డాను.

"మాస్టారూ, బోర్డు దగ్గరికి రండి."

సభ్యుల్లో ముగ్గురు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే, వాళ్ళు తల దించుకున్నారు. ఆయన కాగితం తిప్పి, "తర్వాతి అంశం" అన్నారు.

ఆటస్థలం చుట్టూ రేకులు పాతేశారు. నిన్న క్లాసులో భాగహారం తప్పిన పిల్లను బోర్డు దగ్గరికి పిలిచాను. అది బెంచీ మీంచి కదల్లేదు.

"మాస్టారు వచ్చి చదివారా, టీచర్?"

"లేదమ్మా, చదవలేదు" అన్నాను.

తర్వాత నేనే బోర్డు దగ్గర నిలబడి, పిల్లల వైపు తిరిగాను.

"ఆయనకు ఓటెయ్యమని మీ ఇళ్ళకొచ్చి అడిగింది నేనే" అని పైకి చెప్పాను.