అక్క బండి పొగ

అక్క వ్యాను షెడ్డు ముందు ఆగగానే మెకానిక్ చేతిలో పని ఆపేశాడు. ఆ వ్యాను డొల్ల చప్పుడు ఎందుకొస్తోందో అతనొక్కడికే తెలుసు.

ఆ వ్యానులో ఆమె పన్నెండు మంది పిల్లల్ని బడి దగ్గర దింపుతుంది. రెండు నెలల కిందట బండి ఎత్తు ఎక్కడం లేదని గోల పెడితే, అతను కిందికి దూరి చూశాడు. పొగగొట్టం మధ్యనుండే కన్వర్టర్ పూడుకుపోయింది. ఆ ఇనప డబ్బాలో తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఒకటి ఉంటుంది. దాని సన్నటి కన్నాల లోపల ఖరీదైన లోహాల పూత. ఇంజను వదిలే విషవాయువులు వేడెక్కిన ఆ పూతను రాసుకుంటూ పోతే చాలావరకు విషం విరిగిపోతుంది. కొత్తది రావడానికి వారం పడుతుంది. వారం బండి ఆగితే పిల్లలు వేరే వ్యాను ఎక్కుతారు. అతను కడ్డీతో ఆ దిమ్మను పొడిచి పొడిచి పిండి చేసి దులిపేశాడు. ఖాళీ డబ్బాను మళ్లీ వెల్డింగ్ పెట్టేశాడు. "శుభ్రం చేశానక్కా" అన్నాడు. బండి రివ్వున పోయింది.

"ఒరేయ్, మళ్లీ ఓసారి చూడరా," అంది అక్క దిగుతూ. "వెనక సీటు పిల్లలకి కళ్లు మండుతున్నాయట. చివర కూర్చునే పిల్లకి రోజూ తలనొప్పే. బడి ఎగ్గొట్టడానికి వేషాలేస్తున్నావా అని నేనే కసిరాను. నిన్న దిగీ దిగగానే వాంతి చేసుకుంది."

"పెట్రోలు కల్తీయేమో..."

"రెండు బంకులు మార్చానురా. వాళ్లమ్మతో కూడా చెప్పాను, బండికి ఏ రోగమూ లేదమ్మా, మా తమ్ముడు చెయ్యేస్తే తిరుగుండదు అని. అలా చూస్తావేం, నీ గొప్పలు నేను కాక ఇంకెవరు చెబుతారు?"

అతను చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

"అక్కా, నేను శుభ్రం చెయ్యలేదు. లోపలున్నదంతా పొడిచి పారేశాను. డబ్బా ఖాళీ. విషం విరక్కుండానే పొగ బయటికొస్తోంది. వెనక తలుపు రబ్బరు అరిగిపోయింది కదా, అక్కణ్ణించి లోపలికి..."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకోవని."

"అంటే తెలిసే చేశావు."

నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఇప్పుడు మాత్రం ఫోను తీసి, ఆ పిల్ల తల్లితో నెమ్మదిగా మాట్లాడింది.

"రేపట్నించి బండి రాదమ్మా... ముందు పాపని డాక్టరుకి చూపించండి, బండి పొగ పీల్చిందని చెప్పండి. లేదమ్మా, పాప వేషాలెయ్యలేదు. బండిలోనే లోపం. నాదే తప్పు."

తమ్ముడి పేరెత్తలేదు.

"వారంలో కొత్తది వేసేస్తానక్కా. రబ్బరూ మారుస్తాను."

"వెయ్యి," అంది ఆమె, తాళం అతని చేతికివ్వకుండా బల్ల మీద పెడుతూ. "బిగించే ముందు నాకు ఫోన్ చెయ్యి. లోపల ఉందో లేదో కళ్లారా చూస్తాను."

ఇన్నేళ్లలో అక్క అతని పని చూస్తాననడం అదే మొదటిసారి. అతను "సరే" అన్నాడు.