గ్లాసులో జారిన తెల్లదారం

నారు వ్యాపారి కాలు ఒకచోట నిలవడం లేదు. టమాటా మడిలో ఓ మూల మొక్కలు ఆకులు పచ్చగా ఉండగానే తలలు వాల్చేశాయి. నీళ్లు చాలలేదనుకుని పొద్దుటినుంచీ పైపు పట్టాడు. ఇంకాసేపట్లో నారు కోసం బావమరిది బండి వేసుకుని వస్తాడు.

భార్య వాలిన మొక్క కాండం కోసి, గ్లాసు నీళ్లలో నిలిపింది. కోసిన చోటునుంచి పాలలాంటి సన్నటి దారం కిందికి జారింది.

"చూశారా? దాహం కాదిది, తెగులు. మట్టిలోని బాక్టీరియా వేళ్ల గాయాల్లోంచి దూరి, నీళ్లెక్కే దారిలో కాపురం పెట్టేసింది. మీరేమో పైపు పట్టి దాన్ని మడంతా ఊరేగించారు!"

వ్యాపారి పైపు కట్టేసి మడివైపు చూశాడు. మిగతా నారు నిటారుగానే ఉంది. అమ్మేస్తే ఈ ఏడు గట్టెక్కుతాడు, కానీ బావమరిది నేల ఏళ్ల తరబడి చెడుతుంది.

బయట బండి ఆగింది. "ఏం బావా, నారు మా అక్కకంటే కళగా ఉందే!"

"లోపలికి రాకురా! చెప్పులకు మట్టంటితే నీ పొలానికే నష్టం. నారుకు తెగులొచ్చింది. ఎదుటి నర్సరీకి పో."

"రేటు పెంచడానికి ఇదో కొత్త ఎత్తా?"

"నీతో ఎత్తులేంట్రా, వెళ్లు!"

బండి రోడ్డు దాటి పోటీదారు గేటులోకి తిరిగింది. వ్యాపారి వెంటనే వంగి, నిటారుగా ఉన్న నారునే ముందు పీకసాగాడు. కాస్త ఆగినా మనసు మళ్లీ లాభం లెక్క మొదలుపెడుతుందని అతనికి తెలుసు.