ఉద్యోగం అడిగితే సన్మానం

యాభై దాటిన ఆడదానికి కొత్త ఉద్యోగం నేర్పిస్తామని ఎవరైనా అంటే ముందు నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. బాలానగర్‌లో ఫ్యాన్ల కంపెనీ ఆఫీసులో కూర్చుని, డీలర్లందరి తిట్లూ ఫోన్లో తిన్నదాన్ని నేను. ఆ కంపెనీ మూతపడింది. మా ఆయనకు చూపు బాగా మందగించి, బడిలో పాఠాలు చెప్పడం మానేశారు. ఇల్లు నడవాలంటే ఇక నా సంపాదనే దిక్కు. అందుకని నవ్వు దిగమింగుకుని హైటెక్ సిటీలో మెట్రో దిగాను.

నలభై అయిదు దాటినవాళ్ళకు ఉచిత శిక్షణ అని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ తన అద్దాల మేడలోనే పెట్టింది. కస్టమర్లు చాట్‌లో మొరపెట్టుకుంటే జవాబిచ్చే పని. చివర్లో పరీక్ష. అందులో మొదటి ఇద్దరికీ ఆ కంపెనీలోనే ఉద్యోగం అని హెచ్ఆర్ హెడ్ గిరీష్ మొదటి రోజే మా అందరి ముందూ చెప్పాడు. ఆ మాట పట్టుకుని, గోపన్‌పల్లి సూపర్ మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ పని చేతిదాకా వస్తే వద్దన్నాను.

పాఠాలు చెప్పే స్వాతి మా అమ్మాయి ఈడుది, మంచి పిల్ల. కంప్యూటర్ కంటే ముందు మా మర్యాదలు మాన్పించింది. "ఇక్కడ సార్ అనొద్దు, గారు అనొద్దు, ఎవరినైనా పేరు పెట్టే పిలవాలి మేడం" అంది. నన్ను మాత్రం మేడం అనకుండా ఉండలేకపోయేది. బయోడేటాలో పుట్టిన తేదీ తీసేయమంది, జుట్టుకు రంగు వేసుకోమంది. వేసుకున్నాను. ఆ వాసనకు మా ఆయన పొద్దస్తమానం తుమ్మారు.

నా పక్క కుర్చీ రవీందర్‌ది. జీడిమెట్లలో మందుల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజరుగా చేసి, కొత్త మెషిన్లు రాగానే బయటపడ్డవాడు. కోడి గింజలు ఏరుకున్నట్టు రెండు వేళ్ళతో టైపు చేసేవాడు.

"అక్కా, గీ వయసుల మనకు నౌకరీ ఇస్తరంటవా?" అని రోజూ అడిగేవాడు.

"ఎందుకివ్వరండీ, అందరి ముందూ మాటిచ్చారుగా" అనేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే మండుతుంది.

పరీక్షలో నేను మొదట వచ్చాను, రవీందర్ రెండు. "శుక్రవారం ముగింపు సభలో గిరీషే అనౌన్స్ చేస్తాడు మేడం. ఆధార్ కాపీ, ఫోటోలు తెచ్చుకోండి" అంది స్వాతి. శుక్రవారం మంచిరోజని నేను పొంగిపోయి పట్టుచీర కూడా కట్టాను.

సభలో సగం మంది ఆ కంపెనీ కుర్రాళ్ళే. మెడల్లో కార్డులు, చేతుల్లో ఫోన్లు. గిరీష్ మైకు పట్టుకుని ముందు రవీందర్‌ను పిలిచాడు. వేదిక ఎక్కగానే అతని భుజాల మీద జరీ అంచు శాలువా కప్పి, చేతిలో ఓ గాజు జ్ఞాపిక పెట్టి, ఫోటో తీసి దింపేశారు. హాలంతా చప్పట్లు.

రవీందర్ వచ్చి నా పక్కన కూలబడ్డాడు. "అక్కా, గిదేంది? మా కంపెనీల రిటైరైనోళ్ళకు గిట్లనే కప్పి ఇంటికి తోలుతుండె. నౌకరీ ముచ్చటే తియ్యలే."

ఇంతలో నా పేరు పిలిచారు. ఎక్కాను. గిరీష్ నాకూ శాలువా కప్పాడు. "రత్నమాల గారి లాంటి పెద్దలు మాకు గౌరవ మెంటర్లుగా ఉండాలి. నెలకోసారి వచ్చి మా యంగ్ టీమ్‌ని ఆశీర్వదించాలి" అన్నాడు మైకులో. శిక్షణంతా పనికిరాని 'గారు' అక్కడ మాత్రం పనికొచ్చింది. మెంటర్ అంటే జీతం లేని పని అని నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"మరి ఆ రెండు ఉద్యోగాలండీ?" అన్నాను. మైకు దగ్గరే ఉంది కాబట్టి అందరికీ వినబడింది.

గిరీష్ నవ్వు చెదరనివ్వలేదు. "అవి ఫ్రెషర్స్‌కి వెళ్ళాయి మేడం. నైట్ షిఫ్టులు, టార్గెట్లు... ఈ వయసులో మీకెందుకా స్ట్రెస్? మీ గౌరవానికి లోటు రాకూడదనే ఇలా ప్లాన్ చేశాం."

ఒళ్ళు భగ్గుమంది. ఈ వయసులో నాకేం కావాలో నన్నడిగారా? అన్నం పెట్టమంటే అక్షింతలు వేయడం ఏ ఊరి మర్యాద? స్వాతి తలెత్తలేక గోడ వైపు తిరిగి నిలబడింది. నోరారా తిడదామనుకున్నాను. తిడితే పెద్దావిడ చాదస్తం అని నవ్వేసి ఊరుకుంటారు.

అందుకని శాలువా తీశాను. మడతలు సరిచేసి, నాకు కప్పినంత పద్ధతిగా గిరీష్ భుజాల మీద కప్పి, రెండు చేతులూ జోడించాను.

"ఈ సంస్థకు మీరు చేసిన సేవలు మరువలేనివండీ" అన్నాను మైకులో. "ఇక విశ్రాంతి తీసుకోండి. మీ కుర్చీలో ఎవరో ఒక చిన్నవాళ్ళు కూర్చుంటారు. మీరు నెలకోసారి వచ్చి ఆశీర్వదించి వెళ్దురుగాని."

ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. గిరీష్ మొహం పాలిపోయింది. మీద బల్లి పడ్డట్టు ఉలిక్కిపడి, ఆ శాలువా లాగి కుర్చీలో పడేశాడు. మైకును చేత్తో మూసి, ఇంగ్లీషు ముక్కలన్నీ వదిలేసి, నా చెవి దగ్గరకు వంగాడు.

"మేడం, ఆ ఫోటోలు తీయొద్దని మీరే చెప్పండి. పైవాళ్ళు ఇప్పటికే ఎవరిని పంపేద్దామా అని వయసులు చూస్తున్నారు. నాకింకా నలభై రెండే."

జాలి పడాల్సిందేమో, పడలేదు. తను క్షణం కూడా మీద ఉంచుకోలేని శాలువాను నన్ను బతికినన్నాళ్ళూ కప్పుకొని కూర్చోమన్నాడు.

"నాకూ ఇంకా యాభై రెండేనండీ" అన్నాను.