ఒక చేతికి పాప, ఒక చేతికి సంచి

ఆ ఇంట్లో అందరికంటే ముందు నిద్ర లేచేది ఏడు నెలల పాప. పాప లేచి కేకేస్తే తల్లి లేచేది. ఆ తర్వాత నాయనమ్మ లేచి, తలగడ కింద కళ్ళజోడు కోసం తడుముకునేది. పాప తండ్రి మాత్రం పాలు పొంగిన వాసన వస్తే తప్ప కదిలేవాడు కాదు.

నాయనమ్మది కిటికీ పక్క కుర్చీ. కొడుకు కటింగ్ మాస్టరుగా చేసే టైలరు కొట్టు నుంచి రోజూ ఆమెకి చొక్కాలు వచ్చేవి. వాటికి కాజాలు కుట్టేది. గుండీ దూరే చీలిక చుట్టూ దారం ఒత్తుగా తిప్పుతూ కుట్టాలి, ఒక్క పోగు పక్కకి పోకూడదు. ముప్పై ఏళ్ళుగా అదే పని. చొక్కా చిరిగినా ఆవిడ కుట్టిన కాజా మాత్రం చిరగదని కొట్టులో చెప్పుకునేవాళ్ళు.

కోడలు స్కూలు బస్సుల షెడ్డులో బస్సులు కడిగేది. పాప పుట్టాక ఐదు నెలలు ఇంట్లో ఉండి మళ్ళీ వెళ్తోంది. మధ్యాహ్నం షెడ్డు దగ్గరే కనక వచ్చి పాపకి పాలిచ్చి పోయేది. కడగడం కోసం బస్సుల్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ జరుపుతూ, ఎవరూ నేర్పకుండానే చెయ్యి తిరిగింది. ఒకరోజు ఇరుకు సందులోంచి పెద్ద బస్సుని గీత పడకుండా వెనక్కి తీస్తుంటే షెడ్డు మేనేజరు చూశాడు. నెల తర్వాత ఒక కాగితం తెచ్చిచ్చాడు. వేరే ఊళ్ళో మూడు నెలలు డ్రైవింగు శిక్షణ. ఉండడానికి గది ఇస్తారు. పగలు పసిపిల్లల్ని ఉంచడానికి ఒక పిల్లల గది కూడా ఉంది. సోమవారం పొద్దున ఏడింటికి అక్కడ లేకపోతే ఆ చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

కోడలు ఆ కాగితం అత్తగారికి చదివి వినిపించింది. అత్తగారు దారం కొరికి, "నువ్వెళ్ళు. పాప ఇక్కడ ఉంటుంది" అంది.

"పాలు తాగే పిల్లని వదిలి ఎలా వెళ్తాను అత్తయ్యా?"

"డబ్బా పాలున్నాయి. నేనున్నాను. పది గంటల బస్సు ప్రయాణం, సామాను, పసిపిల్ల. నీకు ఎన్ని చేతులున్నాయనుకుంటున్నావు?"

"రెండు."

"అదే నేను చెప్పేది."

కోడలు భర్త వైపు చూసింది. కొట్టులో ఆయన కత్తెర ఎంత జోరుగా ఆడుతుందో ఇంట్లో నోరు అంత నెమ్మది. "మీరిద్దరూ ఏదనుకుంటే అదే" అని తువ్వాలు తీసుకుని స్నానానికి పోయాడు. ఆ రోజు చాలాసేపు స్నానం చేశాడు.

"మీరూ రండి, అత్తయ్యా" అంది కోడలు.

"నేనా? నేను లేకపోతే ఊళ్ళో చొక్కాలన్నీ బార్లా తెరుచుకునే ఉంటాయి" అని నవ్వేసింది అత్తగారు. ఆమె ఊరి చివరి పెట్రోలు బంకు దాటి ఎన్నడూ వెళ్ళలేదు. బంకు తర్వాత రోడ్డు మలుపు తిరుగుతుంది. ఆ మలుపు వరకే ఆమెకి తెలిసిన లోకం.

రెండు రోజులు ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగానే మోగాయి. మూడో రోజు అత్తగారే మెట్టు దిగింది. "సరే, ఒక మాట. ఒక చేతికి పాప, ఒక చేతికి సంచి. మీ మామయ్య సంచిలో పట్టినంతే తీసుకెళ్ళాలి. దాంట్లో సరిపోతే పాప నీతో వస్తుంది. సరిపోక ఇంకో మూట కట్టావా, పాప నా దగ్గర ఉంటుంది."

కోడలు కాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

మామయ్య సంచి అటక మీద ఉండేది. గోధుమ రంగు మందపాటి గుడ్డ సంచి, తోలు పిడులు. ఆయన బతికున్నన్నాళ్ళు ఊరూరా తిరిగి గుండీలు అమ్మేవాడు. ఆ సంచి ప్రయాణంలో పనికొచ్చేవే ఉంచుకుంటుంది, పనికిరానివి అడుగునుంచి కింద పడేస్తుంది. అడుగున చిల్లేమీ లేదు. ఒకసారి ఉంచుకున్నదాన్ని, అవసరం పడేదాకా తిరిగి ఇవ్వదు. ఎంత తడిమినా చేతికి తగలదు. ఆయన ప్రయాణానికి ముందు వీధిలో వాళ్ళు వచ్చి "గొడుగు ఉంచుకుందా?" అని అడిగి, ఉంచుకుందంటే తమ బట్టలు కూడా లోపల ఆరేసుకునేవాళ్ళు. వాన ఆయన వెళ్ళే ఊళ్ళో పడుతుందని, ఇక్కడ కాదని చెప్పినా వినేవాళ్ళు కాదు.

శనివారం మధ్యాహ్నం సంచి దించి దుమ్ము దులిపారు. ఎదురింటి ఇస్త్రీ ఆవిడ పెట్టె చల్లారబెట్టుకుని మరీ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

సర్దడం అత్తగారు మొదలుపెట్టింది. ఆమె ఆలోచన ఆమెకుంది. సంచి నిండిపోవాలి, ఇంకా బోలెడు సామాను బయట మిగిలిపోవాలి. అప్పుడు కోడలే ఆగిపోతుంది. పదిహేను గౌన్లు పెట్టింది. సంచి పన్నెండు గౌన్లు నేల మీద పడేసింది.

"మూడేనా?" అంది అత్తగారు.

"పాప మురికి చేస్తే ఉతుక్కోమంటోంది" అంది ఇస్త్రీ ఆవిడ.

పాలడబ్బా పెట్టింది. దబ్బున పడింది. "తల్లి ఉండగా డబ్బా ఎందుకంట" అని ఇస్త్రీ ఆవిడ సంచి తరఫున చెప్పింది. స్నానం తొట్టి సంచి మూతిలో దూరలేదు కానీ అత్తగారు ఒక అంచు లోపలికి నెట్టి చూసింది. సంచి దాన్ని ఉమ్మేసినట్టు తోసేసింది. ఉన్ని టోపీలు రెండు, దోమతెర, గిలక్కాయలు ఐదు, కడుపునొప్పి మందు, దగ్గు మందు, జ్వరం వస్తే ఒకటి, జ్వరం తగ్గితే ఇంకొకటి. ఒక్కోటి పెడుతున్నప్పుడల్లా ఆమె "ఎందుకైనా మంచిది" అనేది. ఒక్కోటీ కింద పడేది. జ్వరం మందు ఒక్కటి లోపలే ఉండిపోయింది.

కోడలి మొహం తెల్లబోయింది. "జ్వరం వస్తుందా అయితే?"

"వస్తుంది, పోతుంది. మందు ఉంచుకుంది కదా" అంది ఇస్త్రీ ఆవిడ. "వదినా, నువ్వు ఇవన్నీ పెడుతుంటే నాకొకటి గుర్తొస్తోంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుంది."

"పిల్లి ఉంటే అదీ పెట్టేదాన్ని" అంది అత్తగారు, నవ్వకుండా.

సాయంత్రానికి నేల మీద కొండంత సామాను, సంచిలో పిడికెడు. మూడు గౌన్లు, పది గుడ్డ లంగోటాలు, ఒక దుప్పటి, తువ్వాలు, జ్వరం మందు, కోడలి రెండు జతల బట్టలు, శిక్షణ కాగితం. వీటితోపాటు ఒక చెక్క గరిటె. గరిటెని ఎవరూ పెట్టలేదు. పాప పాకుతూ వచ్చి పడేసింది, సంచి ఉంచుకుంది. ఎందుకుంచుకుందో ఎవరికీ అర్థం కాలేదు. పాప తండ్రి కూడా కొట్టు నుంచి వచ్చి, గరిటె సంగతి విని, "గరిటెతో ఏం చేస్తుంది?" అని తల గోక్కున్నాడు.

కోడలు సంచిని ఒక చేత్తో ఎత్తింది. పాపని ఇంకో చేత్తో ఎత్తింది. గది చుట్టూ ఒకసారి నడిచి చూపించింది. అత్తగారు కింద పడ్డవాటిని ఏరి గౌన్లు మడత పెట్టింది. మడిచిన గౌన్లు మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది.

ఆదివారం బస్సు పది గంటలకి. పొద్దున్నే కోడలు స్నానానికి వెళ్ళగానే అత్తగారు సంచి దగ్గరికి వచ్చి కూర్చుంది. ఇంకొక్క వస్తువు పెట్టి చూద్దామనుకుంది. చేతిలో పాప పుట్టినప్పుడు తను కుట్టిన చిన్న బొంత ఉంది. సంచి మూతి వెడల్పు చేసి, బొంత లోపల పెట్టి, అడుగున పడుతుందా లేదా అని తల వంచి చూసింది. బొంత కింద పడింది. ఆమె ఇంకా వంగింది. ముక్కు మీది కళ్ళజోడు జారి లోపల పడింది.

ఆమె నేల మీద తడిమింది. కళ్ళజోడు లేదు. సంచి కింద చెయ్యి పెట్టి తడిమింది. లేదు. లోపల చెయ్యి పెట్టి అడుగు దాకా, మూల మూలా వెతికింది. గౌన్లూ తగల్లేదు, దుప్పటీ తగల్లేదు. కళ్ళజోడూ తగల్లేదు.

కోడలు తల తుడుచుకుంటూ వచ్చేసరికి అత్తగారు సంచిని ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుని ఉంది.

"ఏమైంది అత్తయ్యా?"

"కళ్ళజోడు."

"పగిలిందా?"

"ఉంచుకుంది."

కోడలు పక్కన కూర్చుంది. సంచిని తలకిందులు చేసి దులిపింది. ఒక్క దారప్పోగు కూడా రాలలేదు.

"నాది కాదులే ఈ సంచి" అంది అత్తగారు. "నా పెళ్ళయిన ఏడాది మీ మామయ్యతో నేనూ వెళ్దామనుకున్నాను. ఆ మలుపు తర్వాత ఏముంటుందో చూడాలని ఉండేది. నా ఆకుపచ్చ శాలువా మడిచి ఈ సంచిలో పెట్టాను. కింద పడేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పడేసింది. మీ మామయ్య నవ్వలేదు, పాపం. వచ్చేసారి చూద్దాం అన్నాడు. వచ్చేసారి నేను పెట్టలేదు. నేను ప్రయాణానికి పనికిరాననుకున్నాను. ఆయన్ని మాత్రం అడిగేదాన్ని, మలుపు దాటాక ఏముంటుందీ అని. ఏముంటుంది, రోడ్డే అనేవాడు."

కోడలు లేచి లోపలికి వెళ్ళింది. బీరువా అడుగు అరలో పాత బట్టల కింద ఆకుపచ్చ శాలువా ఉంది. రంగు కొంచెం వెలిసింది. తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"వద్దమ్మాయ్."

"పెట్టి చూడండి. పడితే పడుతుంది, నష్టమేముంది?"

"ఈ వయసులో మళ్ళీ పడెయ్యడం చూడలేను."

"మీకిప్పుడు కనిపించదు కదా, నేను చూసి చెప్తాను."

అత్తగారికి నవ్వు వచ్చింది. శాలువాని నాలుగు మడతలు పెట్టింది, అంచులు సమానంగా ఉన్నాయా లేవా అని వేళ్ళతో చూసుకుంది. సంచిలో పెట్టి చెయ్యి తీసేసింది. పాప కూడా చప్పుడు చెయ్యకుండా చూస్తోంది.

"పడిందా?" అంది అత్తగారు.

"లేదు."

"సరిగ్గా చూడు."

"చూస్తున్నాను అత్తయ్యా. పడలేదు."

అత్తగారు తనే నేల మీద అరచేత్తో రాసి చూసుకుంది. గచ్చు చల్లగా, ఖాళీగా ఉంది. లోపల చెయ్యి పెడితే శాలువా తగల్లేదు.

అప్పటికి ఎనిమిదిన్నర. పాప తండ్రి లేచి వచ్చి సంగతి విన్నాడు. ఈసారి తువ్వాలు తీసుకోలేదు. "టిక్కెట్టు ఇంకోటి తెస్తాను" అని చెప్పులేసుకున్నాడు.

"మరి కాజాలో?" అంది తల్లి.

"నేను కుట్టుకుంటాను."

"నువ్వా? గుండీ బదులు తలకాయ దూరుతుంది."

"మూడు నెలల్లో నేర్చుకుంటానులే అమ్మా. ఆవిడ బస్సు నేర్చుకుంటోంది కదా." అని వెళ్ళిపోయాడు. ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

బస్సు దగ్గరికి ఇస్త్రీ ఆవిడ కూడా వచ్చింది. "వదినా, గొడుగు పెట్టి చూశావా?" అని అడిగింది. పెట్టలేదని విని, వాన సంగతి తెలియకుండానే వెళ్తున్నారా అని ముక్కున వేలేసుకుంది.

నాయనమ్మ కిటికీ పక్క కూర్చుంది. ఆమెకి తెలిసిన చోటు అదే. ఒళ్ళో సంచి. పక్కన కోడలు, కోడలి ఒళ్ళో పాప. బస్సు కదలగానే పాప ఏడుపు అందుకుంది. కోడలు జోకొట్టింది, పాలిచ్చింది, పాట పాడింది. ముందు సీటు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. పది గంటలు ఇలాగే అయితే ఎలా అని కోడలు దుప్పటి కోసం సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి గరిటె వచ్చింది. పాప గరిటె లాక్కుని నోట్లో పెట్టుకుంది, సీటు మీద టక టక కొట్టింది, ఇక ఏడవలేదు. ముందు సీటు ఆయన గరిటెని మెచ్చుకోలుగా చూసి ముందుకి తిరిగాడు.

నాయనమ్మకి బయట అంతా మసకగా ఉంది. రంగులు వెళ్ళిపోతున్నాయి. ఎరుపు, పసుపు రంగు కనిపించగానే అది పెట్రోలు బంకు అని గుర్తుపట్టింది. ఇప్పుడు దిగుతానంటే బస్సు ఆపుతారేమో అడుగుదామా అనుకుంది. బస్సు మలుపు తిరగబోతూ ఒక పక్కకి ఒరిగింది. సంచి జారిపోకుండా గట్టిగా పట్టుకుంది, చెయ్యి మూతిలో పడింది. వేళ్ళకి చల్లగా తగిలింది.

కళ్ళజోడు తీసి శాలువా అంచుతో తుడిచింది. శాలువా ఎప్పుడు చేతికి వచ్చిందో చూసుకోలేదు. కళ్ళజోడు పెట్టుకుని కిటికీ అద్దానికి నుదురు ఆనించింది.

బస్సు మలుపు దాటింది.

కొంత దూరం పోయాక కోడలే ఉండబట్టలేక అడిగింది.

"ఏం కనిపిస్తోంది అత్తయ్యా?"

"ఏముంది, రోడ్డే" అంది అత్తగారు, తల తిప్పకుండా. "నువ్వు మాట్లాడకు, నన్ను చూడనీ."